బంతుల లెక్క

నేను ముప్ఫయి మూడేళ్ళు ట్రెజరీ ఆఫీసులో లెక్కలు చూసి, 2008లో రిటైరయినవాణ్ణి. అంకెలు కనబడితే కూడకుండా వుండలేను. పాలవాడి చీటీ అయినా సరే, బస్సు టిక్కెట్టు మీది నంబరయినా సరే. "మీకు దేవుడు ప్రత్యక్షమయినా ముందు ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టి, ఆ తర్వాత దణ్ణం పెడతారు" అంటుంది మా ఆవిడ. అటువంటి నాకు 73వ ఏట ఒక కొత్త ఆట మీద మోజు పుట్టిందంటే అది కేవలం ఈ లెక్కల పిచ్చి చలవే.

మా అబ్బాయి అమెరికాలో, న్యూజెర్సీలో వుంటున్నాడు. 2023 ఏప్రిల్లో, ఆర్నెల్లుండి వద్దామని నేనూ మా ఆవిడా తెనాలి నుంచి బయలుదేరి వెళ్ళాం. వెళ్ళిన వారానికే ఒక శనివారం పొద్దున్న, మా పదేళ్ళ మనవడు తెల్ల పంట్లామూ, నీలం చొక్కా, నెత్తిన టోపీ, ఎడంచేతికి చిన్న చేటంత తోలు తొడుగూ వేసుకుని నా ముందు నిలబడ్డాడు.

"తాతయ్యా, ఇవాళ నా గేమ్. నువ్వు రావాలి" అన్నాడు.

ఏప్రిల్ అన్న మాటేగాని అక్కడి చలికి మన మాఘమాసం సరిపోదు. శాలువా కప్పుకుని, మడత కుర్చీలో కూర్చుని, నా జన్మలో మొదటిసారిగా బేస్‌బాల్ చూశాను. మొదటి గంటసేపట్లో ఒక్క ముక్క బోధపడితే ఒట్టు. ఒక పిల్లవాడు బంతి విసురుతాడు. బ్యాటు పట్టుకున్నవాడు కదలడు. వెనకాల నిలబడ్డ అంపైరు ఏదో కేక పెడతాడు. ఎప్పుడో ఒకసారి దెబ్బ తగిలితే, కొట్టినవాడు బ్యాటు అక్కడే పారేసి పరుగు లంకించుకుంటాడు! క్రికెట్టులో బ్యాటుని ప్రాణప్రదంగా పట్టుకుని పరిగెత్తడం చూసిన కళ్ళకి, ఇదేదో ఇంట్లో దొంగలు పడితే సామాను వదిలి పారిపోవడంలా కనిపించింది.

ఆట మధ్యలో మనవడు వచ్చి, అరటిపండు తింటూ పాఠం చెప్పాడు. కొట్టదగ్గ బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా అది ఒక స్ట్రైక్. మూడు స్ట్రైకులయితే ఔటు. కొట్టరానంత దూరంగా నాలుగు బంతులు పడితే మొదటి బేసుకి నడిచివెళ్ళచ్చు. బేసులు మొత్తం నాలుగు, ముగ్గులో చుక్కల్లాగ. ఆ నాలుగూ చుట్టి ఇంటికి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటయితే అవతలివాళ్ళ వంతు. పిల్లలకి ఆరు ఇన్నింగ్సులు.

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. మూడు, నాలుగు, మూడు, ఆరు - అంతా లెక్కే! పైగా మా చిన్నప్పుడు తెనాలి కాలవగట్టున ఆడిన బిళ్ళంగోడుకి ఇది దూరపు చుట్టమే. అందులోనూ బిళ్ళ గాలిలో వుండగా ఎదుటివాడు పట్టేస్తే మన పని సరి. మర్నాడే ఒక నోటుపుస్తకం కొనిపించుకుని, గళ్ళు గీసుకున్నాను.

రెండోవారం నా పుస్తకం ఆ టీము కోచ్ కంటబడింది. ఆయన జీతగాడు కాడు. ఆ పిల్లల్లో ఒకరి తండ్రి. వారమంతా ఉద్యోగం చేసుకుని, శనివారం వచ్చి పిల్లలకి ఆట నేర్పుతాడు. ఆయన నా పక్కన కూర్చుని, గళ్ళన్నీ చూసి, జేబులోంచి అగ్గిపెట్టెకన్నా చిన్నదయిన ఒక వెండిరంగు డబ్బీ తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద మీట నొక్కితే టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. "ఇక నుంచి మా పిచర్ వేసే బంతులు మీరు లెక్కపెట్టాలి" అన్నాడు. పదిహేనేళ్ళ తర్వాత నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది.

ఈ ఉద్యోగం ఎందుకో చెబుతాను. బేస్‌బాల్‌లో బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. క్రికెట్టులో లాగ చెయ్యి చాపి వెయ్యడం కాదు. మోచెయ్యి వంచి, ఒళ్ళంతా విల్లులా తిప్పి, ఒక్క విసురు విసరాలి. ఆ విసురు చాలాసార్లయితే లేతచెయ్యి తట్టుకోలేదు. అందుచేత పిల్లల ఆట నడిపే లిటిల్ లీగ్ సంస్థవారు 2007 నుంచి బంతుల లెక్క పెట్టారు. తొమ్మిది, పదేళ్ళవాడు ఒకరోజున 75 బంతులకి మించి వెయ్యకూడదు. పదకొండు, పన్నెండేళ్ళవాడికి 85. ఇరవై దాటితే ఒకరోజు విశ్రాంతి, ముప్ఫయి అయిదు దాటితే రెండురోజులు, యాభై దాటితే మూడు, అరవై అయిదు దాటితే నాలుగు. ఆట ఎంత రసపట్టులో వున్నా సరే, లెక్క నిండితే పిచర్ మారవలసిందే. మా ట్రెజరీలో కూడా ఇంత కట్టుదిట్టం లేదు.

వారాలు గడిచినకొద్దీ నాకు ఆటకన్నా ఆ పిల్లల్ని చూడడం ఎక్కువ ఇష్టమయింది. ఆ టీములో ఒక కళ్ళజోడు కుర్రాడున్నాడు. బంతి ఎక్కువగా రాని రైట్‌ఫీల్డులో వాణ్ణి నిలబెడతారు. వాడు అక్కడ గడ్డిపూలు కోస్తూ, మేఘాలు చూస్తూ వుంటాడు. మన దగ్గరయితే అటువంటివాణ్ణి మంచినీళ్ళ కూజాకి కాపలా పెడతాం. ఇక్కడ అలా వీల్లేదు. ప్రతి ఆటలోనూ ప్రతి పిల్లవాడికీ కనీసం ఒక్కసారి బ్యాటింగు ఇవ్వాలి. అవతలివాళ్ళు ఆరుగురు ఔటయ్యేంతసేపు మైదానంలో నిలబెట్టాలి. ఇది కోచ్ దయ కాదు, నిబంధన. కళ్ళజోడు కుర్రాడు వంతు రాగానే బ్యాటు భుజాన వేసుకుని వస్తాడు, మూడు స్ట్రైకులతో వెళ్ళిపోతాడు, మళ్ళీ వారం మళ్ళీ వస్తాడు. ఒక్కసారయినా రానన్నట్టు నేను చూడలేదు.

ఈ ఆటలో నన్ను పట్టేసింది అదే. ఇందులో తప్పడం పెద్ద నేరం కాదు. టెడ్ విలియమ్స్ అని ఒక మహానుభావుడు 1941లో 456 సార్లు బ్యాటు పట్టి 185 హిట్లు కొట్టాడు. ఆ ఘనత ఇవాళ్టికీ చెప్పుకుంటారు. కాగితం మీద తీసివేత చేసి చూశాను - 271 సార్లు ఆయనకి హిట్టు దొరకలేదు! పదింట ఆరుసార్లు తప్పినవాడు మహానుభావుడయినప్పుడు, పదికి పదిసార్లూ తప్పిన కళ్ళజోడు కుర్రాడు మాత్రం సిగ్గుపడడం దేనికి? మా రోజుల్లో నూటికి అరవై వచ్చినవాడు కూడా ఇంటికి చీకటిపడ్డాకే చేరేవాడు.

ఊళ్ళోని లైబ్రరీకి వెళ్ళి ఈ లిటిల్ లీగ్ పుట్టుక గురించి కూడా చదివాను. పెన్సిల్వేనియాలో విలియమ్స్‌పోర్ట్ అనే ఊళ్ళో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన తన మేనల్లుళ్ళతో బంతాట ఆడుతూ, పిల్లలకోసం ఒక ఆట వుండాలనుకున్నాడు. పెద్దల మైదానంలో బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు. పిల్లలు అంతదూరం పరిగెత్తి చేరేలోపున ఔటయిపోతారు. ఆయన పిల్లల్ని నిజంగా పరిగెత్తించి, కొలతలు మార్చి మార్చి చూసి, చివరికి 60 అడుగులు ఖాయం చేశాడు. 1939లో మూడు టీములతో ఆట మొదలయింది. పిల్లల్ని మైదానానికి సరిపెట్టలేదాయన. మైదానాన్నే పిల్లలకి సరిపెట్టాడు. ఇప్పుడు ఇంకా కిందనుంచి మెట్లున్నాయి. నాలుగయిదేళ్ళవాళ్ళకి బంతిని ఒక గుంజ మీద కదలకుండా నిలబెట్టి కొట్టమంటారు. ఆ తర్వాత కోచ్ మెల్లగా వేస్తాడు. ఆ తర్వాతే తోటిపిల్లలు వేసే బంతి.

మా మనవడి టీములో ఒక అమ్మాయి కూడా వుంది. చక్కటి విసురు. కాని 1972లో ఇదే న్యూజెర్సీలో, హొబోకెన్ పట్నంలో, మరియా పెపే అనే పిల్ల మూడు ఆటల్లో పిచర్‌గా ఆడాక, ఆడపిల్లవి కనక వద్దని మానిపించారు. ఆ వ్యవహారం విచారణదాకా వెళ్ళి, 1974లో ఆడపిల్లలకి ప్రవేశం దొరికింది. అప్పటికి ఆ పిల్లకి వయసు దాటిపోయింది. తను ఆడలేకపోయిన ఆట మిగతావాళ్ళకి సంపాదించి పెట్టిందన్నమాట. ఈ సంగతి మా ఆవిడకి చెబితే, ఆ శనివారం మా టీము అమ్మాయికి జంతికలు పొట్లం కట్టి తెచ్చింది.

ఇంతవరకూ బాగానే వుంది. ఇక అసలు సంగతి చెప్పాలి.

మే నెలలో మా అబ్బాయి మనవణ్ణి ఇంకో టీములో కూడా చేర్చాడు. అది డబ్బు కట్టి చేరే క్లబ్బు. ఊరూరా తిరిగి ఆడతారు, ఆటలు ఆదివారాలు. మనవడి విసురు చూసి వాళ్ళే అడిగారట. అబ్బాయి ఆనందం ఇంతా అంతా కాదు. ఆఫీసునుంచి అలిసివచ్చి కూడా పెరట్లో వాడిచేత బంతులు వేయించేవాడు.

ఆదివారం ఆటకి కూడా నేను వెళ్ళేవాణ్ణి. అక్కడ నాకు ఉద్యోగం లేదు గాని, చెయ్యి వూరుకోదు గదా! డబ్బీ నొక్కుతూనే వున్నాను. శనివారం 62. ఆదివారం 54. పై శనివారం 58. ఆదివారం 49. శనివారంవాళ్ళ పుస్తకంలో శనివారం లెక్క సరిగ్గానే వుంది. ఆదివారంవాళ్ళ పుస్తకంలో ఆదివారం లెక్కా సరిగ్గానే వుంది. రెండూ ఒకే చేతివని రాసిన పుస్తకం నాదొక్కటే. యాభై దాటితే మూడురోజుల విశ్రాంతి అన్నారే, మరి మా వాడికి మూడురోజులేవీ?

అనుమానం వచ్చింది గాని నోరు మెదపలేదు. నాకెందుకు భయమో తర్వాత చెబుతాను.

ఆ సోమవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "ఏమండీ, వాడు మంచినీళ్ళ గ్లాసు ఎడంచేత్తో ఎత్తుతున్నాడు చూడండి" అంది. చూశాను. అన్నం కూడా చెంచాతో ఎడంచేత్తోనే తింటున్నాడు. వాడిది కుడిచెయ్యి వాటం.

పిల్లవాడు పడుకున్నాక, పుస్తకం పట్టుకుని అబ్బాయి గదిలోకి వెళ్ళాను.

"వాడిచేత బంతులు వేయించడం కొన్నాళ్ళు ఆపాలిరా" అన్నాను.

అబ్బాయి తల ఎత్తకుండా, "1996లో నా బ్యాటు అటక ఎక్కించారు. ఇప్పుడు వీడి వంతా నాన్నగారూ?" అన్నాడు.

నాకున్న భయం అదే. 1996లో మన దేశంలో ప్రపంచకప్పు క్రికెట్టు జరుగుతున్న రోజుల్లో, మా వాడు పదో తరగతి. స్కూలు టీములో బాగా ఆడేవాడు. జిల్లా ఎంపికకి రమ్మని కబురు కూడా వచ్చింది. నేను వాడి బ్యాటు తీసుకుని అటక మీద పెట్టి, "పరీక్షలయ్యాక దింపుతాను" అన్నాను. పరీక్షలయ్యాయి, ఇంటరయింది, ఇంజినీరింగయింది. నేను దింపలేదు. కొన్నేళ్ళకి ఇల్లు సున్నం వేయిస్తుంటే ఆ బ్యాటు బయటపడింది. పిడి చెదలు తినేసింది. వాడు అప్పుడు కాలేజీ హాస్టల్లో వున్నాడు. ఎవరికీ చెప్పకుండా పెంటకుప్పలో పారేయించాను. వాడెప్పుడూ అడగలేదు. నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి చెప్పాను. చెదల సంగతితో సహా చెప్పాను.

"అప్పుడు నేను నీ ఆటా చూడలేదు, లెక్కా చూడలేదు. ఒక్కరోజయినా మైదానానికి రాలేదు. భయపడి ఆపేశాను. ఇప్పుడు ప్రతి బంతీ చూసి చెబుతున్నాను. ఆట ఆపమనడం లేదురా, చెయ్యి ఆపమంటున్నాను" అని పుస్తకం వాడి ముందు పెట్టాను.

వాడు చాలాసేపు అంకెలు చూశాడు. నా కొడుకే గదా, కూడడం వచ్చు. లేచి మనవడి గదిలోకి వెళ్ళి, నిద్రలో వున్న వాడి మోచెయ్యి మెల్లగా పట్టుకు చూశాడు. లోపలి వైపు నొక్కగానే పిల్లవాడు నిద్రలోనే మూలిగాడు.

డాక్టరు ఎక్స్‌రే తీయించి చెప్పిన మాట ఇది: ఎదిగే పిల్లల ఎముక చివర ఇంకా గట్టిపడని మెత్తటి భాగం వుంటుంది. మోచేతి లోపలి వైపు అది మాటిమాటికీ లాగుడుపడి వాచింది. సమయానికే తెచ్చారు, ఆరువారాలు బంతి విసరకూడదు. ఆయన నా పుస్తకం అడిగి చూశాడు. 2014లో అక్కడి పెద్ద లీగువారు పిల్లల చేతుల గురించి సలహాలు ప్రకటించారట: ఒకే కాలంలో రెండు టీముల్లో వెయ్యకూడదనీ, పన్నెండేళ్ళలోపువాళ్ళు ఏడాదిలో నాలుగు నెలలు అసలు విసరడమే మానాలనీ వాటిలో వున్నదని చెప్పాడు.

"నొప్పి అని ముందే చెప్పలేదేం నాన్నా?" అని కోడలు అడిగింది.

"చెబితే ఆట మాన్పిస్తారనుకున్నాను" అన్నాడు మనవడు.

అబ్బాయి నా వైపు చూడలేదు. నేనూ వాడి వైపు చూడలేదు.

ఆదివారం క్లబ్బు మానేశాం. శనివారాలు మాత్రం మనవణ్ణి ఇంట్లో కూర్చోపెట్టలేదు. టీము చొక్కా తొడుక్కుని నా పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. డబ్బీ నా చేతిలో, పుస్తకం వాడి ఒళ్ళో. మొదటివారం మూతి ముడుచుకున్నాడు. రెండోవారానికి, "తాతయ్యా, ఆ అబ్బాయి మొదటి బంతి ఎప్పుడూ కొట్టడు చూశావా?" అని రహస్యాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆడుతూ వుంటే కనబడని ఆట, కూర్చుంటే కనబడింది వాడికి. జూన్‌లో ఆఖరి ఆటనాడు కళ్ళజోడు కుర్రాడి బ్యాటుకి ఎలాగో బంతి తగిలి, మెల్లగా దొర్లి వెళ్ళింది. మొదటి బేసు చేరేలోపునే ఔటయ్యాడనుకోండి. అయినా మనవడు బెంచీ ఎక్కి ఎడంచేత్తో టోపీ ఎగరేశాడు.

ఆగస్టులో విలియమ్స్‌పోర్ట్‌లో జరిగిన పిల్లల ప్రపంచ పోటీ ఇంటిల్లిపాదీ టీవీలో చూశాం. కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండో పిల్లలు కురసావో పిల్లల మీద 6-5తో నెగ్గారు, ఆఖరి ఇన్నింగ్సులో ఒక్క దెబ్బతో. అందరూ కేకలు వేస్తుంటే, మా అబ్బాయి మాత్రం తెర మీద మూల చూస్తూ, "ఆ పిచర్‌కి ఎన్ని బంతులయ్యాయి నాన్నగారూ?" అన్నాడు.

సెప్టెంబరులో మనవడు మళ్ళీ మైదానంలో దిగాడు. డాక్టరు సరేనన్నా, ఆ ఏడాదికి పిచర్ పని వద్దనుకున్నాం. రెండో బేసు దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణించి విసిరే దూరం తక్కువ. మొదటిసారి బ్యాటు పట్టి మూడు స్ట్రైకులతో తిరిగి వచ్చాడు. ఏడుస్తాడేమోనని మేం నలుగురం బిక్కచచ్చి చూస్తున్నాం. వాడు నా దగ్గరికి వచ్చి, "రాశావా తాతయ్యా?" అన్నాడు.

"రాశాను."

"పరవాలేదు. మళ్ళీ నా వంతు వస్తుందిగా" అని గ్లాసెడు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. కుడిచేత్తోనే తాగాడు.

అక్టోబరులో మేం బయలుదేరే ముందురోజు సాయంత్రం, అబ్బాయి నన్ను పెరట్లోకి పిలిచి, మనవడి బ్యాటు నా చేతికిచ్చాడు.

"నాకెందుకురా?" అన్నాను.

"ఆర్నెల్లు చూశారుగా. ఒక్కసారి కొట్టండి నాన్నగారూ" అని, పది అడుగుల దూరంనుంచి మెత్తటి బంతి మెల్లగా వేశాడు. తప్పాను. మళ్ళీ వేశాడు. మళ్ళీ తప్పాను. మూడోదీ అంతే. మెట్ల మీద కూర్చుని డబ్బీ నొక్కుతున్న మనవడు, "తాతయ్యా, మూడు! నువ్వు ఔట్!" అని అరిచాడు. లోపలినుంచి మా ఆవిడ నవ్వు వినబడింది.

అబ్బాయి వచ్చి నా చేతిలో బ్యాటు తీసుకున్నాడు. దాని పిడిని ఒక్క క్షణం అరచేత్తో నిమిరాడు.

"ఇప్పుడు నా వంతు. వెయ్యండి నాన్నగారూ" అన్నాడు.

వేశాను. ఎన్ని వేశానో మాత్రం లెక్కపెట్టలేదు.